అమ్మ పెదాల రంగు

మా అమ్మ పెదాలు ఏ రంగులో ఉండేవో నాకు యాభై దాటాక తెలిసింది. అంతవరకూ వాటిని చూడలేదని కాదు. ఆ పెదాలు నన్ను తిట్టడం చూశాను, పాడటం చూశాను, వక్కపలుకు నములుతూ పక్కింటి సంగతులు చెప్పడం చూశాను. రంగు మాత్రం చూడలేదు. అది పోయాకే వెతుక్కోవలసి వచ్చింది.

నేను పుట్టి పెరిగింది చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో. పెళ్లయ్యాక అశోక్‌నగర్ వచ్చాను, అంటే మెయిన్ రోడ్డు దాటానన్నమాట, అంతే. నాన్న పోయాక అమ్మ కూడా మా ఫ్లాట్‌కే వచ్చేసింది. కింద కోచింగ్ సెంటర్ల పిల్లలు, టీ బండ్లు, జిరాక్స్ షాపులు. పైన మూడో అంతస్తులో మేము.

అమ్మది చామనచాయకి ఒక మెట్టు కింద. నాదీ అంతే. పెదాలు ఇంకో మెట్టు కింద. చిన్నప్పుడు నా పెదాలు అమ్మకి పెద్ద దిగులు. మధ్యాహ్నం అన్నాలు కాగానే పాల మీది మీగడ తీసి నా మూతికి రుద్దేది. "జర ఎర్రగయితయ్ బిడ్డా, నాకకు" అనేది. నేను నాకేసేదాన్ని. మళ్లీ రాసేది. పక్కింటి పిల్లికి నా మీద అంత ప్రేమ ఎందుకో అప్పట్లో అర్థం కాలేదు. మీగడతో కాకపోతే బీట్‌రూట్ ముక్క, దాంతోనూ కాకపోతే నిమ్మచెక్క మీద చక్కెర. పెదాలు మండేవి, చిట్లేవి, మానాక మళ్లీ అదే రంగులో వచ్చేవి. మొండితనంలో అవి అమ్మకేమీ తీసిపోవు.

మొదటి జీతం రాగానే నేను చేసిన పని లిప్‌స్టిక్ కొనడం. ఆ తర్వాత స్నానం చేసి లిప్‌స్టిక్ లేకుండా గదిలోంచి బయటికి వచ్చిన రోజు లేదు. గాజులూ గొలుసులూ నాకు పట్టవు. నా పిచ్చి అంతా పెదాల రంగుల మీదే, అదీ ఖరీదైన విదేశీ రంగుల మీద. ఆ డబ్బా చేతిలో బరువుగా ఉండాలి, మూత పెడితే టక్కుమని అతుక్కోవాలి, తిప్పితే రంగు వెన్నలా పైకి రావాలి. బీరువాలో ఒక సొరుగు నిండా అవే. మా ఆయన ఆ సొరుగుని లాకర్ అంటారు.

మా అపార్ట్‌మెంట్‌లో పెళ్లి కుదిరితే ముందు ముహూర్తానికి పంతులుగారి దగ్గరికి వెళతారు, తర్వాత నా దగ్గరికి వస్తారు. వచ్చిన పిల్లని ముందు బాల్కనీలోకి లాక్కెళతాను. షాపుల్లో పెట్టే లైట్లని నమ్మితే నట్టేట మునిగినట్టే, రంగు ఎండ వెలుగులోనే నిజం చెబుతుంది. మణికట్టు తిప్పి నరాలు చూస్తాను. ఆకుపచ్చగా కనబడితే ఆ చర్మంలో పసుపు ఛాయ ఎక్కువ. ఇటుక రంగు, ఎండుమిర్చి ఎరుపు, దాల్చినచెక్క రంగు నప్పుతాయి. నీలంగా కనబడితే గులాబీలు, దానిమ్మ గింజ, నేరేడు. కొందరు రంగుని ముంజేతి వెనక గీసుకుని చూస్తారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వేలి కొసకి రాసి చూడాలి, పెదవి చర్మానికి కాస్త దగ్గర చుట్టం అదే. తెల్లటి పిల్లలు లేత గులాబీ కావాలంటారు. పెట్టుకుంటే జ్వరం వచ్చి లేచినట్టు ఉంటారు. నల్లటి పిల్లలు "మాకేం మంచిగుంటయ్ ఆంటీ" అని ముందే చేతులెత్తేస్తారు. వాళ్లకి ముదురు వైన్ ఎరుపో, వంకాయ రంగో దిద్ది అద్దం చేతికిస్తాను. దాన్ని దగ్గరికీ దూరానికీ జరిపి చూసుకుంటారు. ఎన్నిసార్లు చూసినా నాకూ కొత్తే. అదే మొహం, అవే కళ్లు, ఇంతవరకూ ఎక్కడ దాక్కుందీ పిల్ల అనిపిస్తుంది.

ఇంత తెలిసిన నేను నా కోసం కొనేవి మాత్రం లేత గులాబీలే. దిట్టంగా రెండు పూతలు వేస్తే గానీ కింది నలుపు దాగదు. నా సొరుగులో ఉన్నవన్నీ అలా కప్పేసేవే.

కొన్నేళ్ల కిందట ఒకరోజు అమ్మ కింది పెదవి మీద తెల్ల చుక్క కనబడింది. పెరుగు అంటిందనుకుని కొంగుతో తుడవబోయాను. పోలేదు. నెలలు గడిచేకొద్దీ చుక్క మచ్చ అయింది, పై పెదవికి పాకింది. నారాయణగూడలో చర్మం డాక్టరుకి చూపించాను. బొల్లి అన్నాడు. అంటుకునేది కాదు, ప్రాణానికి ఏమీ కాదు, కానీ పెదవి మీద రంగు తిరిగి రావడం కష్టం అన్నాడు. అమ్మ అన్నిటికీ తలూపింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కొంగు తీసి మూతికి అడ్డం పెట్టుకుంది. అంతే, పరాయివాళ్ల ముందు ఆ కొంగు మళ్లీ కిందికి దిగలేదు.

కొంగు వెనకనుంచి పాట రాదు కదా. మా చుట్టాల్లో ఏ ఇంట్లో పసిబిడ్డని తొట్టెలలో వేసినా ఆ రోజు పాట అమ్మదే. బిడ్డ చెవిలో మొదటిసారి పేరు చెప్పేదీ అమ్మే. నా చెవిలో చెప్పింది, నా కూతురి చెవిలో చెప్పింది. మచ్చలు వచ్చాక ఎవరు పిలిచినా మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకుంటూ వచ్చింది. నేనూ పోనీలే అనుకున్నాను.

ఈ మధ్య నా కూతురికి ఆడపిల్ల పుట్టింది. తొట్టెల ఫంక్షన్ మా ఫ్లాట్‌లోనే పెట్టుకున్నాం, అల్లుడి తరఫువాళ్లందరినీ పిలిచాం. అప్పుడు అమ్మ చల్లగా చెప్పింది. "నేను లోపటి అర్రల ఉంట. మీరే కానియ్యిండ్రి."

"నీ మునిమనవరాలే అమ్మా. నువ్వు కాకపోతే ఎవరు చెప్తరు పేరు?"

"పసిపిల్ల చెవి కాడ గీ మూతి పెట్టాల్నా? ఆళ్లు ఏమనుకుంటరు?"

నాకు కోపం వచ్చింది. "అంటుకోదని డాక్టర్ చెప్పిండు కదనే!"

"నీకు చెప్పిండు. ఆళ్లకు చెప్పిండా?"

నా దగ్గర ఉన్నది ఆ సొరుగు ఒక్కటే. దాన్ని మొత్తంగా లాక్కొచ్చి బాల్కనీలో అమ్మ ముందు పెట్టాను. ఎన్ని పెళ్లికూతుళ్లని చేశాను, సొంత తల్లికి ఒక రంగు దొరకదా అనుకున్నాను. దొరకలేదు. మచ్చలు కప్పే క్రీము ముందు అద్ది, పైన ఎరుపు వేస్తే అమ్మ అద్దంలో చూసుకుని "నాటకంల ఏషం కట్టినట్టున్న" అంది. గులాబీ వేస్తే "ఎవరిదే గీ మూతి?" అంది. ఇటుక రంగు వేస్తే తుడిచేసుకుంది. చర్మానికి నప్పే రంగులే అవన్నీ, పందెం వేసి చెప్పగలను. కానీ అమ్మ కోరేది వేరు.

"నాకు లిపిస్టిక్ వద్దే. నా మూతి నాకు కావాలె."

సరే, అది ఏ రంగులో ఉండేది? అమ్మకి తెలియదు. తన పెదాలని ఎవరు పనిగట్టుకుని చూసుకుంటారు? పాత ఫోటోలు బయటికి తీశాం. పెళ్లి ఫోటోలో రంగే లేదు. తర్వాతవి పాతబడి అందరూ ఒకే నారింజ రంగులోకి మారిపోయారు. ఫోన్లలో ఉన్నవి ఇంకా అన్యాయం, ఫోను తనంతట తానే అమ్మకి తెల్లటి మొహమూ గులాబీ పెదాలూ పెట్టేసింది. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అంత పెద్ద జీవితంలో ఆ మనిషి రంగు ఒక్కచోటా నిలవలేదు.

లోపల బిడ్డకి పాలిస్తూ ఇదంతా వింటున్న నా కూతురు అక్కడి నుంచే అంది. "అమ్మా, నువ్వు జర నీ లిప్‌స్టిక్ తుడుచుకో."

"నాదెందుకే?"

"నీ మూతి అచ్చం అమ్మమ్మదే అని అందరు అంటరు కదా. నేనైతే నీ మూతి ఇంతవరకు చూడనే లేదు."

దూదికి కొబ్బరినూనె అద్ది తుడుచుకున్నాను. సొంత తల్లి ముందు, సొంత ఇంట్లో, పట్టపగలు, బట్టలు విప్పినంత సిగ్గేసింది. అమ్మ నా గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగువైపు తిప్పింది. కళ్లజోడు సర్దుకుంది. చాలాసేపు చూసింది. మీగడ రాసిన రోజుల్లో కూడా అంత దగ్గరగా చూసి ఉండదు. తర్వాత వేలితో నా కింది పెదవిని ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తాకింది.

"గిదే," అంది. "గిదే నాది."

నేనూ అద్దం తీసుకుని చూశాను. అంచులు పండిన నేరేడు తోలు. లోపలికి పోయేకొద్దీ ఆ నలుపు తగ్గి, నేరేడు కొరికితే కనబడే ఊదా, దాని మధ్యలో సన్నటి గోధుమ. ఒక్క రంగు కాదు, ఒకదాన్లోకి ఒకటి జారిపోయే మూడు రంగులు. ప్రపంచంలోని రంగులన్నీ ఏరినదాన్ని, ఇది నా మొహం మీదే ఉందని నాకు తెలియదు. ఎంత బాగుందో! నిజంగా, ఎంత బాగుంది!

మర్నాడు ఉత్త పెదాలతో ఇంట్లోంచి బయటపడ్డాను. చిక్కడపల్లిలో కూరగాయలామె "ఏమైందక్కా, పాణం బాగలేదా?" అని అడిగింది. బాగానే ఉందని చెప్పి ఆటో ఎక్కి, నారాయణగూడ ఫ్లైఓవర్ దాటాక ఉన్న పెద్ద షాపుకి వెళ్లాను. అక్కడి అమ్మాయికి నేను బాగా తెలుసు. ఆ రోజు మాత్రం గుర్తుపట్టడానికి కొంచెం టైమ్ తీసుకుంది.

"ఈ రంగు కావాలి," అని నా పెదవి చూపించాను.

"మేడమ్, ఇది మీ లిప్స్ కలరే కదా. పెట్టుకున్నట్టే కనబడదు."

"అట్లాంటిదే కావాలమ్మా."

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది గానీ, పని మొదలుపెట్టాక ఇద్దరం ఒళ్లు మరిచిపోయాం. ఒక పద్ధతి పెట్టుకున్నాం. నా కింది పెదవి సగానికి రంగు, సగం ఖాళీ. మధ్యలో గీత కనబడితే అది కాదు. చాక్లెట్ రంగుకి గీత కనబడింది. వైన్ రంగుకి కనబడింది. ప్లమ్ అనే ముదురు ఊదా రంగుకి కొంచెం తక్కువగా కనబడింది. చివరికి ఆ అమ్మాయి అడుగు అరలోంచి ఒక ఫ్రెంచి కంపెనీ డబ్బా తీసింది. అది పూసి, అంచుల్లో మాత్రం ప్లమ్‌ని వేలితో అద్దింది. అద్దం పట్టుకుని గుమ్మం దగ్గరికి, ఎండలోకి వెళ్లాను.

గీత లేదు. ఎటు తిప్పి చూసినా లేదు. ఎక్కడ నేను ఆగిపోయానో, ఎక్కడ ఆ రంగు మొదలైందో నాకే తెలియలేదు. నిమ్మచెక్కలతో రుద్ది రుద్ది వదిలించుకోవాలని చూసిన రంగుని ఎక్కడో సముద్రాల అవతల ఎవరో పనిగట్టుకుని తయారుచేసి, దానికో పేరు పెట్టి, బంగారు డబ్బాలో దాచి పంపారు. అక్కడే గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకున్నాను. పక్కన షాపు అమ్మాయి, "మేడమ్, ప్యాక్ చేయనా?" అంది.

ఫంక్షన్ రోజు పొద్దున బాల్కనీలో అమ్మని కూర్చోబెట్టాను. అన్నం ముద్దకి నోరు తెరిచిన పిల్లలా పెదాలు సాగదీసి కూర్చుంది. ముందు మచ్చల మీద క్రీము, ఆరాక రంగు, అంచుల్లో వేలితో ప్లమ్. పూర్తయ్యాక చూస్తే లిప్‌స్టిక్ వేసుకున్న ముసలమ్మ ఎక్కడా లేదు. నన్ను తిట్టిన నోరు, వక్కపలుకు నమిలిన నోరు, ఆ మూతి అక్కడుంది. పోయిన మనిషి తలుపు తీసుకుని లోపలికి వచ్చినట్టుంది. అమ్మ అద్దంలో చూసుకుంది. కొంగు తీసి నడుములో దోపుకుంది.

హాలు నిండా జనం. అమ్మ తొట్టెల పక్కన కూర్చుని పాట ఎత్తుకుంది. గొంతు మొదట్లో జీరపోయింది, తర్వాత నిలబడింది. పేరు చెప్పే వేళకి వంగి, పెదాలు బిడ్డ చెవికి ఆనించి చెప్పింది. ఒకసారి చెప్పి ఊరుకోలేదు, మూడుసార్లు చెప్పింది. చెవి అంచుకి కాస్త రంగు అంటితే నా కూతురు నవ్వింది. అమ్మ పాట కొనసాగించింది.

అప్పుడు అల్లుడి మేనత్త బిడ్డని చూడటానికి తొట్టెల మీదికి వంగింది. మంచావిడే. మురిపెంగా బుగ్గ నిమిరి, అమ్మవైపు తిరిగి అంది. "పాప మంచిగున్నది పెద్దమ్మా. పెదాలే జర నల్లగున్నయ్. రోజూ మీగడ రాయిండ్రి, ఎర్రబడ్తయ్."

అమ్మ పాట ఆపేసింది. అమ్మ తొట్టెలలోకి చూసింది. నిద్రలో చప్పరిస్తున్న ఆ చిట్టి మూతిని చూసింది, తర్వాత నావైపు చూసింది.

"వద్దు బిడ్డా," అంది మేనత్తతో. "గా రంగు పోతే మళ్ల దొరుకుడు మస్తు కష్టం."

తొట్టెల ఊపుతూ, ఆపిన చోటు నుంచి పాట మళ్లీ అందుకుంది.