నేను తర్జుమా చేసిన నాయనమ్మ

సొంత నాయనమ్మను తప్పుగా తర్జుమా చేసి, ముప్పై మంది ముందు పరువు తీసుకున్న తెలివితక్కువ దాన్ని మీరెక్కడా చూసి ఉండరు. చూడండి, నేనే. జాలి పడాల్సిన అవసరమేమీ లేదు, చేసుకున్నదానికి అనుభవించాను.

మొన్నీమధ్య సంగతి. ఐర్లండ్‌లో ఆహార శాస్త్రం చదువుతున్నాను. మసాలా దినుసుల ల్యాబ్‌లో ఎండాకాలమంతా పని చేయడానికి ఒక్కటంటే ఒక్కటే సీటు ఉంది. దాని మీదే నా ప్రాణాలన్నీ. సీటు కావాలన్న విదేశీ విద్యార్థులంతా తమ మూలాల గురించి, చిన్నప్పుడు విన్న కథల గురించి క్లాసులో మాట్లాడాలని మా ప్రొఫెసర్ మేడమ్ షరతు పెట్టింది.

నా మూలాలంటే ఆర్మూరులో పసుపు కమీషన్ దుకాణం. నేను విన్న కథలంటే మా నాయనమ్మ చెప్పిన పసుపు మోసాలు. అందరి కథల్లో రాజకుమారుడు గుర్రమెక్కి వస్తాడు. మా ఇంటి కథలో ఒక ఘనుడు బస్తాలేసుకుని వస్తాడు. పైన ఎండిన కొమ్ములు, అడుగున పచ్చివి. మా నాయనమ్మ మోచేతి దాకా బస్తాలో చెయ్యి పెట్టి, అడుగు కొమ్ము తీసి విరుస్తుంది.

"టక్‌మంటె ఎండినట్టు. వంగిందో, వాడు దొంగ. ఇంటున్నవా బిడ్డా?"

"ఊఁ."

ఆ ఊఁ ఉత్తదే. సగం కథ అయ్యేసరికి నేను ఫోన్‌లో మునిగి ఉండేదాన్ని.

ఇలాంటి కథలు ఐర్లండ్‌లో చెబితే నామోషీ కాదూ? అందుకని నేను, మహాతల్లిని, ఒక కొత్త నాయనమ్మను తయారు చేశాను. ఆవిడ అడవిలో పుట్టింది. ఏడు తరాల వైద్యురాలు. పసుపు మొక్కలతో మాట్లాడుతుంది, అవి జవాబు కూడా చెబుతాయి. మా అసలు నాయనమ్మ మొక్కల మాట అటుంచి, పక్కింటివాళ్లతో కూడా మాట్లాడదు. గోడ తగాదా ఉంది.

మేడమ్ కళ్లు చెమర్చాయి. "ఆమెను మాకు వీడియోలో చూపిస్తావా?" అంది. భయపడ్డానా? లేదు. క్లాసులో ఎవరికీ తెలుగు రాదు, నాయనమ్మకు ఇంగ్లీషు రాదు. మధ్యలో ఉన్నది నేనే కదా అన్న పొగరు. వెంటనే ఆర్మూరుకు ఫోన్ చేశాను.

"నాయనమ్మా, ఎల్లుండి మూడున్నరకు పట్టుచీర కట్టుకొని దేవుని ముందట కూసో. ఏమన్న మాట్లాడు, నేను ఇంగ్లీషుల చెప్త."

"సీజన్‌ల ఇంట్ల కూసుంటె దుకాణంల మాల్ ఎవరు చూస్తరే? సచ్చిపోయిన మీ తాతనా?"

"ఒక్క పావుగంటనే!"

"సరే తియ్."

ఆ 'సరే తియ్'ను నమ్మాను చూడండి, అదీ నా తెలివి. ఆ రోజు తెర మీద దేవుడు లేడు, పట్టుచీర లేదు. దుకాణంలో బస్తాల మధ్య స్టూలు మీద, నెత్తిన తువ్వాలతో నాయనమ్మ.

"ఇది ఆమె వైద్యశాల. అవన్నీ ఔషధాలు," అని చెప్పాను. సిగ్గు లేకుండా.

మేడమ్ ఒక పసుపు కొమ్ము పైకెత్తి చూపింది. "మా ల్యాబ్‌కు కొత్తగా వచ్చింది. దీవించమను."

"నాయనమ్మా, మేడమ్ పసుపు చూపిస్తుంది. ఒక మంచి మాట చెప్పు."

"జర దగ్గరికి తెమ్మను. ఇరగ్గొట్టుమను."

"శుభం కోసం విరవమంటోంది," అన్నాను.

మేడమ్ విరిచింది. కొమ్ము విరగలేదు, వంగింది.

"థూ! గిది ఎండనే లేదు. వారంల బూజు వడ్తది. కండ్లు మూసుకొని కొన్నడా ఎవడన్న?"

నేను చేతులు జోడించి, కళ్లు మూసుకుని అన్నాను: "భూమాత మిమ్మల్ని చల్లగా చూడాలంటోంది."

"మరి ఆ థూ అనడమేమిటి?"

"దిష్టి తీస్తోంది మేడమ్."

అప్పుడు తెర మీదికి ఇంకో తల వచ్చింది. మా నాన్న. ఎగుమతి వ్యాపారులతో మాట్లాడి మాట్లాడి ఇంగ్లీషు పట్టిన మనిషి.

"మేడమ్, గుడాఫ్టర్నూన్. మదర్ సేయింగ్, టర్మరిక్ నాట్ డ్రై. వన్ వీక్, ఫంగస్ కమింగ్. మై డాటర్ ట్రాన్స్‌లేషన్ ఫుల్ రాంగ్. సారీ."

మేడమ్ మెల్లగా అడిగింది. "మరి అడవి?"

"నో ఫారెస్ట్ మేడమ్. బస్టాండ్ బ్యాక్‌సైడ్."

ముప్పై మందీ పడి పడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ల్యాబ్‌లో తేమ పరీక్ష చేశారు. నాయనమ్మ మాటే నిజం. మేడమ్ నన్ను పిలిచి రెండు కొమ్ములు ముందు పెట్టింది. "అబద్ధం సంగతి వదిలేస్తాను. అలాంటి ఆవిడ కథలు విని పెరిగావు కదా, ఇందులో మంచిదేదో చెప్పు. సీటు నీదే."

రెండూ విరిచాను. రెండూ టక్‌మన్నాయి! తర్వాత ఏం చూడాలి? లోపలి రంగా, వాసనా? కథలో అదీ ఉంది. కాకపోతే అది రెండో సగంలో ఉంది. పసుప్పచ్చగా మెరుస్తున్న దాన్ని చూపించాను.

"దానికి పైన రంగు పూశారు," అంది మేడమ్.

సీటు లిన్ అనే వియత్నాం అమ్మాయికి వెళ్లింది. ఆమె తన మాటల్లో వాళ్లమ్మ సంతలో ఎండుచేపలు అమ్మే సంగతి ఉన్నదున్నట్టు చెప్పిందంతే. వారం తర్వాత నాయనమ్మకు ఫోన్ చేసి భోరుమన్నాను.

"నీ కథలు ఇననందుకు సీటు పోయింది నాయనమ్మా. మల్ల చెప్పవా? ఈసారి మొత్తం ఇంట."

"ఇప్పుడు కాదు బిడ్డా, గా లిన్ ఫోన్ చేసే టైమైంది. మీ మేడమ్ దగ్గర మా నంబర్ తీస్కున్నదట. మీ నాయన ఇంగ్లీషుల చెప్తడు. మస్తు ఇంటదే గా పిల్ల! నడుమల ప్రశ్నలు గూడ అడుగుతది. నువ్వు ఐతారం చెయ్."

కాబట్టి చదువరులారా, మా దుకాణంలోని పసుపు బస్తాలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ కొత్త నాయనమ్మను తయారు చేయను. ఉన్న నాయనమ్మకే ఆదివారం నుంచి పదకొండు సార్లు ఫోన్ చేశాను, లైన్ బిజీ.