మునస్వామి పేరు మీది ఆవు

తిరుపతి కొర్లగుంటలో ఒక మందుల షాపు మీద, రెండో అంతస్తులో కూర్చుని కృపామణి పన్నెండేళ్లుగా ప్రోగ్రాములు రాస్తోంది. రాసీ రాసీ మెడ పట్టేసింది. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "కంప్యూటర్ పని" అనేసి ఊరుకుంటుంది. వివరించే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

ఆ మధ్యాహ్నం పలమనేరు దగ్గరి పాలకేంద్రం నుంచి యోగానంద ఫోన్ చేశాడు. అక్కడ పాలు పోయించుకునేదీ, కృపామణి రాసిన ప్రోగ్రాములో రైతుల పేర్లు ఎక్కించేదీ అతనే.

"మేడం, మునస్వామి అని ఒకాయన సచ్చిపోయినాడు. పొద్దున్నే మైకులో వరసగా పేర్లు పిలుస్తాం గదా, ఆయన పేరు వినబడితే ఆయన పెండ్లాం క్యాను కింద పెట్టేసి ఏడుస్తా ఉన్నింది. దినాలైనాక పేరు తీసేసినా. ఇప్పుడు సూస్తే కంప్యూటర్లో ఆవు గూడా లేదు."

కృపామణికి వెంటనే అర్థమైంది. తప్పు తనదే. డేటాబేస్‌కీ ప్రోగ్రాముకీ నడుమ ఓఆర్ఎం అని ఒకటి ఉంటుంది. ఒక రైతు, అతని కింద ఎన్ని ఆవులైనా అని దానికి ఒకసారి చెబితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. మూడేళ్ల కిందట ఉత్తుత్తి రైతులను పెట్టి పరీక్షిస్తుంటే, కింద ఆవులున్నాయని అది ఒక్క పేరునూ తీయనివ్వలేదు. విసుగెత్తి "కాస్కేడ్" అని ఒక మాట చేర్చింది. రైతు పోతే అతని కిందివన్నీ పోవాలని దాని అర్థం. పని జరిగింది, ఆ మాటను తీసేయడం మరిచిపోయింది. పల్లెలో మనిషి పోయినా ఆవు ఇంటిముందే ఉంటుందన్న సంగతి ఆనాడు తట్టనే లేదు.

"తీసి ఎన్నాళ్లయింది?"

"పదైదు దినాలు."

పోయినవాటిని తిరిగి తెచ్చే బ్యాకప్ ఉండేది ఏడు రోజులే. యోగానంద ఫోనును పక్కనే ఉన్న మునస్వామి భార్య మునిరత్నమ్మకు ఇచ్చాడు.

"ఆవు యాడికీ పోలేదమ్మా, కట్టేసిన కాడే ఉండాది. నిండు సూడిది. పోయినసారి దూడ అడ్డం తిరిగి సచ్చిపోయింది. ఈసారి డాక్టరు పక్కన లేకపోతే తల్లి గూడా దక్కదంట. లిస్టులో ఉంటేనే ఆయన వస్తాడంట."

ఇరవై ఊళ్లకు ఒక్కడే డాక్టరు. ఈనే రోజులు దగ్గరపడ్డ ఆవుల జాబితా కృపామణి ప్రోగ్రామే తీస్తుంది. ఆవుకు చూలు కట్టే సూది వేయించిన తేదీ లేనిదే అది లెక్క కట్టలేదు.

"ఏ తేదీన సూది వేయించారో గుర్తుందా అమ్మా?"

"తేదీలన్నీ ఆయనకే తెలుసు." అంతలోనే ఏదో గుర్తొచ్చింది. "సూది ఏసిన దినమే ఆవు తోసేస్తే ఆయన చెయ్యి ఇరిగింది. అట్నే బస్సెక్కి పుత్తూరు పొయ్యి కట్టు కట్టించుకొచ్చినాడు. ఆడ ఇచ్చిన చీటీ దాచిపెట్టినా."

ఆమె ఇంటికెళ్లి చీటీ తెచ్చింది. యోగానంద తేదీ చదివాడు. కృపామణి వేళ్ల మీద ఒకసారి, కంప్యూటర్లో ఒకసారి లెక్క చూసింది. ఈనడానికి ఇంక నాలుగు రోజులే. ఆవును మునిరత్నమ్మ పేరు మీద ఎక్కించి, జాబితా పంపి, ఆ పాడు మాటను తీసేసింది. ఇకమీదట కింద ఆవులున్న పేరును ప్రోగ్రాము తీయనివ్వదు. ఈ మూడేళ్లలో తీసేసిన పేర్లు ఇంకో తొమ్మిది ఉన్నాయి. ఆ తొమ్మిది ఇళ్లకూ తనే ఫోన్ చేయాలి. తలచుకుంటేనే నీరసం వచ్చింది.

ఐదో రోజు మునిరత్నమ్మే ఫోన్ చేసింది.

"ఈనిందమ్మా. పెయ్యదూడ. డాక్టరు చెయ్యి పెట్టి తిప్పి తీసినాడు. రెండూ బాగుండాయి."

"మంచిదమ్మా. దూడను కూడా నీ పేరు మీదే రాస్తాను."

"వద్దు. సూది ఏయించింది ఆయన. ఆయన కిందనే రాయి."

"అట్లయితే పొద్దున్నే మైకులో మళ్లీ ఆయన పేరు పిలుస్తారు గదమ్మా."

"పిలవనీలే. వస్తా ఉన్నానని నేనే పలుకుతా."

కృపామణి కొత్త రైతు పేజీ తెరిచి, మునస్వామి అని టైపు చేసింది.