రెండో గ్లాసు పోయని మామ

మా మామ పోయాడన్న కబురు కుప్పంలో, కాలేజీ స్టాఫ్ రూములో కెమిస్ట్రీ రికార్డులు దిద్దుతుండగా తెలిసింది. పుంగనూరు నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ లేడు పాపా. పొద్దున కాఫీ తాగినాడు, లోటా కింద పెట్టినాడు, అట్లే గోడకానుకున్నాడు" అంది. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడట. ఆయనకు డెబ్బై ఒక్కేళ్ళు.

పలమనేరులో బస్సు మారి పుంగనూరు చేరేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. చెప్పులు విడుస్తుంటే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పెద్దమనుషుల మాటలు వినబడ్డాయి.

"బెంగళూరు బార్లో పనిచేసినోడు కదప్పా. లివరు పోయుంటాది" అన్నాడొకాయన.

"ఇంకేముంటాది" అన్నాడు పక్కాయన.

నేను గడప దాటాను. లోపల మామ ఉన్నాడు, అత్త ఉంది. కానీ ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. ముప్ఫై రెండేళ్ళు ఒక పెద్ద హోటల్ బార్ కౌంటర్ వెనక నిలబడిన ఆ మనిషి, బొటనవేలంత గ్లాసు ఒకటి తాగాక రెండోది ముట్టగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన గురించి నాకు తెలిసింది చెప్పాలని ఇది రాస్తున్నాను.

మామ మా అమ్మకు సొంత తమ్ముడు. మాది మదనపల్లె. నాన్నకు టమోటా మండీ ఉండేది. నేను డిగ్రీ చదివేటప్పుడు తాగుడే ఆయన ప్రాణం తీసింది. ఆ తర్వాత అమ్మ తన తమ్ముడితో మాట్లాడటం మానేసింది. అడిగితే ఒకటే చెప్పేది: "మీ నాయనకు మొదటి గ్లాసు పోసింది వాడే." మా ఇంటి గృహప్రవేశానికి మామ బెంగళూరు నుంచి సీసాలు తెచ్చి, అందరి ముందూ నాన్నకు పోసిచ్చాడట. మామ రిటైరై పుంగనూరులో ఇల్లు కట్టుకున్నా, గంట ప్రయాణం చేసి అమ్మ ఆ గడప తొక్కలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే తల తిప్పుకునేది. నేనూ అమ్మ పక్షమే. బ్రాందీ వాసన తగిలితే చాలు, చిన్నప్పుడు నాన్న తాగి పడిపోయే మా వరండా గుర్తొచ్చి అక్కడి నుంచి లేచిపోయేదాన్ని.

అలాంటి నేను మామ ఇంటికి వెళ్ళడానికి కారణం ఒక చాక్లెట్. నాలుగేళ్ళ క్రితం సంగతి. మా కాలేజీలో ఒక మేడమ్, ఎవరో బంధువులు విదేశం నుంచి తెచ్చారని స్టాఫ్ రూములో చాక్లెట్లు పంచింది. కొరకగానే లోపలి నుంచి ఏదో కారింది. ముందు చురుక్కుమంది, తర్వాత తీపి, ఆ తర్వాత బాదం పప్పు లాంటి వాసన. కంగారుగా ఉమ్మేసి, రేపర్ తీసి చదివితే 'లిక్యూర్' అని ఉంది. లిక్కర్‌ను అచ్చు తప్పు వేశారేమో అనుకున్నాను. నోరు పుక్కిలించాను. కానీ ఆ బాదం వాసన సాయంత్రం దాకా పోలేదు. అంతకన్నా విచిత్రం, నాకు ఆ వరండా గుర్తు రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవాలనిపించింది.

ఆ శనివారం కుప్పం నుంచి ఇంటికి వస్తూ, అమ్మకు చెప్పకుండా పుంగనూరులో దిగాను. మామ ఇంటి ముందు మిరపమొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. నన్ను చూసి పైపు పక్కన పెట్టాడు.

"ఏం పాపా, బస్సు చెడిపోయిందా?"

"లేదు మామా. ఒకటి అడగాలని వచ్చినా. లిక్యూర్ అంటే లిక్కరేనా?"

మామ వెళ్ళి కొళాయి కట్టేశాడు. "నేను బెంగళూరుకు పోయినకాడి నుంచి మన ఇంట్లో ఈ మాట అడిగినోళ్ళు ఒక్కరు లేరు. అందరూ, నువ్వు తాగుతావా అని అడిగినోళ్ళే. రా, కాళ్ళు కడుక్కో. ముందు అన్నం తిను" అన్నాడు.

భోజనమయ్యాక బీరువాలోంచి ఒక సీసా, కాడ ఉన్న బుల్లి గ్లాసు ఒకటి తెచ్చాడు. అడుగున రెండు చెంచాలంత పోశాడు. కాఫీ డికాక్షన్ రంగులో చిక్కగా ఉంది.

"లిక్కరంటే అన్నీనూ. బ్రాందీ, విస్కీ, రమ్ము, ఏదైనా. లిక్యూర్ అట్ల కాదు. ఒక సారా, ఒక వాసన, ఒక చక్కెర. ఈ మూడూ కలిస్తేనే లిక్యూర్. ఆ వాసన పండుదా, ఆకుదా, గింజదా, వేరుదా అనేది ఆ దేశమోళ్ళ పెరట్లో ఏం కాసిందో దాన్నిబట్టి. ఈ సీసాలో ఉండాది కాఫీ. నువ్వు తినిన చాక్లెట్టులోది బాదం వాసనది. సానా మటుకు అది బాదం కూడా కాదు, ఒక పండు పిక్కలోంచి తీస్తారు."

గ్లాసు నా ముందుకు జరిపాడు. "తాగొద్దు. వాసన సూడు."

నేను ముక్కు గ్లాసులో పెట్టి గట్టిగా పీల్చాను. ఘాటు తలకెక్కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామ నవ్వలేదు. "అందరూ చేసే తప్పే ఇది. గ్లాసును గడ్డం కాడ పెట్టుకో. నోరు కొంచెం తెరువు. దాన్నే రానీ నీ దగ్గరికి" అన్నాడు. అలా చేస్తే ఘాటు తగ్గి, వేయించిన కాఫీ గింజ, దాని వెనక ఎక్కడో బెల్లం పాకం తెలిశాయి. ఆ రోజు అంతే. రుచి చూడనివ్వకుండానే నన్ను బస్సెక్కించాడు.

అలా నెలకు ఒకటి రెండు శనివారాలు మామ దగ్గర ఆగడం మొదలైంది. మూడోసారికి గాని నాలుక మీద వేసుకోనివ్వలేదు. గుటకేయకుండా నోరంతా తిప్పమనేవాడు. ముందు ఏం తెలిసింది, తర్వాత ఏం తెలిసింది, మింగాక ఏం మిగిలింది, ఈ మూడూ చెప్పమనేవాడు. నేను "బాగుంది" అంటే ఒప్పుకునేవాడు కాదు. "బాగుంది అనేది జవాబు కాదు పాపా. మీ పిల్లోళ్ళు రికార్డులో 'రంగు బాగుంది' అని రాస్తే మార్కులు వేస్తావా?"

ఒకసారి ఒక గ్లాసు పూర్తయ్యాక నేనే అడిగాను, ఇంకొంచెం పోయమని. మామ మూత బిగించేశాడు. "రెండో గ్లాసులో కొత్త సంగతి ఏమీ ఉండదు. మొదటి దాంట్లో తెలిసిందే మళ్ళీ తెలుస్తాది, అదీ మసగ్గా" అన్నాడు. కౌంటర్ అవతల కూర్చున్నవాళ్ళకు పోయడమే ఆయన ఉద్యోగం. ఎవరికి ఎక్కడ ఆపాలో తెలియక ఆయన ఎన్నిసార్లు తల పట్టుకుని ఉంటాడో నాకు అప్పుడు తట్టింది.

ఆయన నేర్పింది చాలానే ఉంది. లిక్యూర్ భోజనం తర్వాత, స్వీటు తినే చోట తీసుకునేది. మరీ తీపిగా అనిపిస్తే ఒక ఐసు ముక్క వెయ్యాలి. మీగడ కలిసిన రకాన్ని మూత తీశాక ఎక్కువ కాలం దాచకూడదు, అందులో నిమ్మరసం పడితే విరిగిపోతుంది. కొన్నిటికి నేను కారణం చెప్పేదాన్ని. సోంపు వాసనున్న ఒక రకంలో మామ నీళ్ళు పోస్తే, తేటగా ఉన్నది పాలలా తెల్లబడింది. హోటల్లో అది చూపిస్తే విదేశీయులు కూడా చప్పట్లు కొట్టేవాళ్ళట. "యాల తెల్లగయితాదో నాకు ఈరోజుకీ తెలీదు" అన్నాడు. సోంపు నూనె ఆల్కహాల్లో కరుగుతుంది, నీళ్ళలో కరగదు, నీళ్ళు కలపగానే సన్నని చుక్కలుగా విడిపోతుంది అని చెప్పాను. మామ గ్లాసును కిటికీ వెలుతురుకు పట్టి, "అంటే ఇంత కాలం నేను పోసింది చుక్కల గుంపా" అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత అత్తను పిలిచి, నేను చెప్పిందంతా అప్పజెప్పాడు.

ఒక శనివారం అలాగే పొరలు కట్టడం చూపించాడు. చిన్న గ్లాసులో ముందు కాఫీ లిక్యూర్ పోశాడు. చెంచా బోర్లించి, దాని వీపు మీదుగా చల్లటి మీగడను మెల్లగా జార్చాడు. నల్లటి దాని మీద తెల్లటి పొర గీత గీసినట్టు నిలబడింది. చక్కెర ఎక్కువున్నది బరువు, అందుకే కింద ఉంటుంది అని నేను చెబుతున్నాను. ఆయన వినడం లేదు.

"మీ ఇంట్లో ఇదే చేసినా" అన్నాడు. "గృహప్రవేశం రోజు. మూడు రంగులు, ఒకదాని మీద ఒకటి. నా పనితనం అక్క సూడాలని. బావ చేతికిచ్చినా. అప్పటికే ఆయన తాగుతాండాడని నాకు తెలీదు పాపా. తెలిసుంటే పోసుండను. కానీ పోసిన చెయ్యి నాదే. అక్క అనేది అబద్ధం కాదు."

ఆ గ్లాసు ఇద్దరమూ ముట్టలేదు.

అప్పటిదాకా నా శనివారాల సంగతి అమ్మకు తెలియదు. మరుసటి రోజు వంటింట్లో అమ్మ చిక్కుడుకాయలు తుంచుతుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. చివరికి అడిగాను, గృహప్రవేశానికి ముందు నాన్న తాగేవాడా అని.

అమ్మ ఇంకో గుప్పెడు కాయలు తీసుకుని తుంచింది. గిన్నె నిండాక అంది. "పెండ్లికి ముందు నుంచే తాగేటోడు. మా పుట్టింట్లో తెలిస్తే పరువు పోతాదని నేనే దాచినా."

"మరి మామ మీద కోపమెందుకమ్మా?"

"మొగుని మీద కోపం పెట్టుకుంటే సంసారం యాడ జరుగుతాది? తమ్ముని మీదయితే పెట్టుకోవచ్చు. వాడు యాడికి పోతాడు" అంది. ఆ మాట తన నోట విన్నాక తనకే ఏదో అయినట్టుంది. చిక్కుడుకాయల గిన్నె నా చేతికిచ్చి లేచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా అమ్మ వెంటనే కదల్లేదు. నేను శనివారాలు ఆగితే మాత్రం ఏమీ అనలేదు. ఇంతలో మామకూ నాకూ ఒక పిచ్చి పట్టింది. మన పెరటి లిక్యూర్ ఏదై ఉండాలి? మామిడి అన్నాను. మామిడి వాసన నిలవదన్నాడు. చింతపండు వేస్తే చారులా వచ్చింది. చివరికి నన్నారి అనుకున్నాం, ఎండాకాలం షర్బత్ చేసుకునే వేరు. నిమ్మనపల్లె నుంచి వచ్చే ఒకామె మదనపల్లె మార్కెట్లో అమ్ముతుంటే కొన్నాను. కడిగి, దంచి, మూడు సీసాల్లో వోడ్కా పోసి వేశాం. ఐదు రోజులది, పది రోజులది, ఇరవై రోజులది. మూతల మీద తేదీలు నేనే రాశాను. ఐదు రోజులది ఊరికే రంగు మారింది. ఇరవై రోజులది కషాయంలా చేదెక్కింది. పది రోజులది వడగట్టి, చల్లార్చిన చక్కెర పాకం కలిపి, రెండు వారాలు కదపకుండా ఉంచాం.

అది సిద్ధమైన ఆదివారం అమ్మ తనంతట తానే, "నేనూ వస్తా పద" అంది. బస్సులో దారంతా సంచి ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. గేటు దగ్గర మామ "రా అక్కా" అన్నాడు. "ఊ" అంది. అత్త వడ్డించింది, తిన్నాం. తర్వాత మామ మూడు గ్లాసులు తెచ్చి, అమ్మ ముందు పెట్టాలా వద్దా తెలియక చేతిలోనే పట్టుకు నిలబడ్డాడు. అమ్మే చెయ్యి చాపింది.

తాగలేదు. గ్లాసును ముక్కు దగ్గరికి తీసుకుని కళ్ళు మూసుకుంది. "మనమ్మ చేసే నన్నారి" అంది.

"అదే వేరు అక్కా."

"ఆయమ్మ మిరియం గింజ ఒకటి వేసేది. నువ్వు వేయలేదు."

"నాకు గుర్తు లేదే" అన్నాడు మామ, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. ఇక ఇద్దరూ వాళ్ళమ్మ షర్బత్ కుండలో ఏమేం వేసేదో ఒకరికొకరు గుర్తు చేసుకుంటూ పోయారు. సాయంత్రం బస్సు తప్పిపోయింది, తర్వాతది ఎక్కాం. మిరియం వేసి ఇంకో సీసా పెట్టాలని మామ అన్నాడు. పెట్టాడు కూడా. అది వడగట్టే రోజు రాకముందే పోయాడు. వారం తర్వాత, సీసాకు పది రోజులు నిండాక, అత్తా, నేనూ, అమ్మా కలిసి వడగట్టాం. అమ్మ చెప్పింది నిజమే, మిరియంతో వెనక రుచి నిలబడింది.

మామను చివరిసారి చూసింది ఆయన పోవడానికి పది రోజుల ముందు. నన్ను ఎక్కించడానికి పుంగనూరు బస్టాండుకు వచ్చాడు. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదిలే లోపు తోపుడు బండి దగ్గర ఒక కమలాపండు కొన్నాడు. తొక్క కొంచెం వలిచి, పండు తినకుండా సంచిలో వేసుకున్నాడు. ఆ తొక్క ముక్కను వేళ్ళ మధ్య మడిచి, గడ్డం దగ్గర పట్టుకుని, కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరిచి నిలబడ్డాడు. మదనపల్లె మదనపల్లె అని కండక్టర్ అరుస్తున్నాడు. మూటలు మోసుకుంటూ జనం ఆయన్ను రాసుకుంటూ పోతున్నారు. బస్సు మలుపు తిరిగేదాకా ఆయన కళ్ళు తెరవలేదు.