భద్రంగారు తీయని దృశ్యం

ఈ ఉదయం నేను పాఠాలు చెప్పే బడికి వెళ్తుంటే, భవానీపురం దారిలో ఎవరో పడుగు సాగదీసి గంజి పట్టిస్తున్నారు. తడి నూలు మీంచి ఆ పుల్లటి వాసన తగలగానే భద్రంగారు గుర్తొచ్చి కాసేపు నిలబడిపోయాను.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. మా పక్కింట్లో నేతగాడి కొడుకుగా పుట్టి, పదహారేళ్ళకు డేరా సినిమా వెంట వెళ్ళిపోయారు. బొంబాయి నుంచి ఓడెక్కి లండన్ చేరి, స్టూడియోలో నేల ఊడ్చి, ఫిల్ము కత్తిరించడం నేర్చి, చివరకు దర్శకుడయ్యారు. సొంత కంపెనీ పెట్టి మూడు దేశాల్లో చిత్రాలు తీశారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, తండ్రి చేసిన పని మీద చిన్న చిత్రం తీయాలని పాతికేళ్ళ తర్వాత ఊరికి వచ్చారు.

మా పెదనాన్న నాగయ్య ఆయనకు చిన్ననాటి స్నేహితుడు.

"ఏరా భద్రం, దొరల దేశంలో గంజి దొరుకుతుందా?"

"ఎందుకు దొరకదురా, చొక్కా కాలర్లకి పెట్టుకుంటారు."

వీధంతా నవ్వింది. తలుపు చాటునున్న నన్ను చూపించి, "ఇది నోరు విప్పదు, డైరీలు మాత్రం రాస్తుంది" అన్నాడు పెదనాన్న. సిగ్గుతో చచ్చిపోయాను. భద్రంగారు నా చేతికి నోటుబుక్కు ఇచ్చారు. "తీసిన ప్రతి దృశ్యం రాయమ్మా. ఎవరు ఎటు చూశారు, ఎవరి చెయ్యి ఎక్కడుంది. చూస్తే చాలు."

మగ్గం మీద వెలుతురు పడాలని ఇంటి కప్పు మీద పెంకులు తీయించారు. వారం రోజులు ముసురు పట్టింది. అది విడిచిన మర్నాడే ఆయన బొంబాయి బండి ఎక్కాలి. చిత్రానికి ప్రాణమైన నేత దృశ్యం మిగిలిపోయింది. ముసురు విడిచిన ఆ ఒక్క పగలే ఉంది.

పెదనాన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. "ఇక కానీరా" అన్నారు భద్రంగారు. పెదనాన్న చెయ్యి పడుగులో అటూ ఇటూ విసిరే నాడె దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. రెండోసారీ అంతే. పెద్దమ్మ గుమ్మంలో తల దించుకుంది. ఆ రోజు అమావాస్య. మా వాళ్ళు మగ్గం ముట్టని రోజు. స్నేహితుణ్ణి కాదనలేక పెదనాన్న, చెప్పే ధైర్యం లేక మేమందరం.

"అండీ... ఇవాళ అమావాస్యండీ" అన్నాను.

"నువ్వూరుకోవే! ఒక్కరోజుకేం కాదులేరా, అక్కడ నీ ఓడ వెళ్ళిపోతుంది" అన్నాడు పెదనాన్న.

భద్రంగారు గుంట అంచున కూలబడ్డారు. "నెలకి ఆ ఒక్కరోజేరా మా నాన్న నాకు దొరికేది. భుజాన ఎక్కించుకుని కృష్ణకి తీసుకెళ్ళేవాడు. ఎలా మరిచిపోయాను?" అని కెమెరాకు మూత పెట్టేశారు.

వెళ్ళేముందు ఆయన ముఖం చూడలేకపోయాను. "నా వల్లే మీ చిత్రం..."

"కెమెరా ముందు కూర్చున్నవాడు కాదనలేడమ్మా. పక్కనున్నవాళ్ళే చెప్పాలి. నా సెట్టు మీద ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు."

మళ్ళీ వచ్చి తీస్తానన్నారు. రెండేళ్ళకు ఆయన పోయారని లండన్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ రోజు అమావాస్య కాకపోయినా పెదనాన్న మగ్గం ముట్టలేదు. నేను నోరు విప్పకపోతే ఆ చిత్రం పూర్తయ్యేదన్న బాధ నన్నింకా వదల్లేదు.

మొన్న బడికి పెద్దలు వస్తే, ఒక పిల్లను పాడమని నిలబెట్టారు. ఆ పిల్ల తండ్రి పోయి నెల కాలేదు. పిల్ల నోరు తెరిచింది గానీ, వేళ్ళు ఓణీ అంచును నలిపేస్తున్నాయి. నేను లేచి, "ఇవాళ వద్దండీ" అన్నాను. హెడ్మిస్ట్రెస్‌గారు కూర్చోమన్నట్టు చూశారు. పిల్ల తన చోటుకు వెళ్ళేదాకా నేను కూర్చోలేదు.