పదకొండుసార్లు ఆగిపోయిన జెట్

2016 సెప్టెంబరులో ఒక మంగళవారం ఉదయం, పందొమ్మిది రోజులుగా ఆగకుండా నడిచిన కంప్యూటర్ పని ముగించింది. శైలజ కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఫలితం చూసింది. జెట్ మళ్లీ లోపలే ఆగిపోయింది. ఇది పదకొండోసారి.

శైలజ చీపురుపల్లిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఇల్లు గరివిడి. భర్త త్రినాథ్ ఫ్యాక్టరీలో ఫర్నేసు మీద పనిచేస్తాడు. ఉద్యోగం చేస్తూనే ఆమె ఆరేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొని ఒకటైనప్పుడు చుట్టూ శకలాల మేఘం కమ్ముకుంటుంది. మధ్యలోంచి దాదాపు కాంతి వేగంతో సన్నటి ధారలా ఒక జెట్ పుట్టుకొస్తుంది. అది మేఘాన్ని చీల్చుకుని బయటపడుతుందా, లోపలే చచ్చిపోతుందా అన్నది ఆమె కట్టే లెక్క. చచ్చిపోతుందన్నది ఆమె థీసిస్. నవంబరు ముప్పైలోగా దాన్ని ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. డాక్టరేట్ లేనివాళ్లను జనవరి నుంచి ఉంచబోమని కాలేజీ కాగితం మీదే రాసిచ్చింది.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ త్రినాథ్ తెర మీదికి వంగాడు.

“ఏటే ఇది, మూతికాడ ముద్దలాగున్నాది?”

“మేఘంలో సరుకు బావా. జెట్ దాన్ని తోసుకుంటూ పోయి, తొయ్యలేక ఆగిపోయింది.”

“పక్కనుంచి పోవచ్చు గదా. మా ఫర్నేసులో మెటల్ దిగే కన్నానికి మట్టి ముద్ద కొడతాం. అది సరిగ్గా కూసోలేదనుకో, మెటల్ దాన్ని తొయ్యదు. పక్కనుంచి తొలుసుకొచ్చెస్తాది. నీదానికి పక్కల్లేవేటి?”

“నీకు సుక్కలైనా ఫర్నేసులే.”

“కూడెట్టేది అదే గదే,” అని బండెక్కాడు.

కాలేజీకి వెళ్తున్నంతసేపూ ఆ మాట ఆమెను వదల్లేదు. నిజంగానే పక్కలు లేవు. ఉన్నది ఒక్క కంప్యూటర్ కాబట్టి ఆమె మేఘంలో నిలువుగా ఒక చీలికకే లెక్క కట్టి, చుట్టూ అంతా అలాగే ఉంటుందనుకుంది. ఆ లెక్కలో నడిమధ్య చేరిన సరుకు పక్కకు తొలగదు, జెట్ దాన్ని తప్పించుకుని వంగదు.

లెక్క కోసం మేఘాన్ని విడగొట్టే గళ్లను బాగా పెద్దవి చేసి, ఈసారి అన్ని దిక్కులా లెక్క కట్టింది. తొమ్మిది రోజులు పట్టింది. జెట్ కొంచెం ఊగి, ముద్ద పక్కనుంచి జారి, బయటికి వచ్చేసింది.

ఆ బొమ్మ గైడు నరసింగరావుకు చూపించింది.

“పెద్ద గళ్లతో వచ్చింది సాక్ష్యం కాదమ్మా. థీసిస్ చివర లోపాలు చెప్పేచోట ఒక వాక్యం రాసెయ్. పరీక్షించేవాళ్లు అంతదాకా చదవరు.”

“ముద్ద లోపం కాదు సార్. నా థీసిస్ అంతా ఆ ముద్దే.”

“అయితే చిన్న గళ్లతో చేసి తీసుకురా.”

ఆమె లెక్క వేసుకునే వచ్చింది. ఆ కంప్యూటర్ మీద పదమూడేళ్ల నాలుగు నెలలు పడుతుంది.

నరసింగరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “సంతకం నేను పెడతాను. ఇస్తావో మానతావో నీ ఇష్టం.”

ఆమె ఇవ్వలేదు. డిసెంబరులో రిజిస్ట్రేషన్ రద్దయినట్టు ఉత్తరం వచ్చింది. జనవరి రెండున గరివిడిలో, ఇంటి ముందుగదిలో, పదో తరగతి పిల్లలకు ట్యూషన్ మొదలుపెట్టింది. మొదటి రోజు ఏడుగురు వచ్చారు.