బాడుగ అల్లుడు

చిత్తూరు బెల్లం మండీలో ఎల్లప్ప చేతికి భయపడని హమాలీ లేడు. ఆయనకు చెయ్యి ముందు, మాట తర్వాత. వంతు తప్పించి మూట ఎత్తుకున్నవాణ్ణి ఒకసారి లారీ చక్రానికేసి కొడితే వాడి దవడ పక్కకు జరిగింది. ఆ చేతుల్లో కుడిది ఇప్పుడు మోచేతి దగ్గరే ఆగిపోయింది.

అది పోయిన రోజు, గూడూరులో ఆయన భార్య మోహన వాళ్లక్క చనిపోయిందని కబురొచ్చింది. శవం లేచేలోగా పోవాలి. బస్సుల్లో మారుతూ పోతే అందదు. వీధి చివర ధర్మేంద్రకు ఓన్‌బోర్డు కారుంది. సొంతానికి తప్ప బాడుగకు తిప్పకూడని బండి. అయినా తిప్పుతాడు. అలాంటి బండెక్కిన వాళ్లంతా దిగేదాకా డ్రైవరుకు చుట్టాలైపోవడం అక్కడ మామూలే. మోహన ఇచ్చిన బాడుగ జేబులో పెట్టుకుని ధర్మేంద్ర తన ఎప్పటి పాఠం చెప్పాడు.

“మామా, ఎవురన్నా ఆపితే మీరు నాకు అత్తామామలు. బాడుగ అన్నారంటే బండి గుంజుకుంటారు.”

“కూతురే లేదు, అల్లుడొచ్చినాడు సూడు,” మోహన ఏడుపు మధ్యలోనే నవ్వింది. “పండక్కి బట్టలు మాత్రం అడగబాకురా అబ్బా.”

వెనక కూర్చుంటే వాంతులవుతాయని ఆమె ముందు సీట్లో కూర్చుంది.

పాకాల దాటాక వాన పట్టుకుంది. ధర్మేంద్ర ఒక చేత్తో ఫోను పట్టుకుని రేపటి కాణిపాకం బేరం మాట్లాడుతున్నాడు. చంద్రగిరి ఇంకా రాలేదు. వెనక లైట్లు లేని చెరుకు ట్రాక్టరు రోడ్డు మీదే ఆగి ఉంది. బ్రేకు వేసిన చప్పుడైనా ఎల్లప్పకు వినిపించలేదు. చెరుకు గడలు అద్దం పగలగొట్టుకుని లోపలికి దూసుకొచ్చాయి. ఒకటి మోహన మెడ ఎముక కింద దిగింది. వెనక తలుపు నలిగి ఎల్లప్ప కుడిచేతిని కరిచి పట్టుకుంది.

“అల్లుడా... లేపు నాయనా...” అంది మోహన. మాటతో పాటు నోట్లోంచి నెత్తుటి బుడగలు వచ్చాయి.

ధర్మేంద్ర తన వైపు తలుపు తన్నుకుని దిగాడు. ఒక్కసారి వెనక్కి చూశాడు. చేలకు అడ్డం పడి పరిగెత్తాడు.

ఎల్లప్ప చేతిని లాగాడు. కండ ఊడింది గాని చెయ్యి రాలేదు. మళ్లీ లాగాడు. పళ్లు కొరుక్కుంటూ, పశువులా అరుస్తూ లాగాడు. జనం వచ్చి గడ్డపారలతో తలుపు పెకలించేసరికి మోహన తల వాలిపోయింది. కళ్లు మాత్రం డ్రైవరు సీటు వైపే ఉన్నాయి.

ఎల్లప్ప తరఫున నష్టపరిహారం కేసు వేసిన వకీలు గిరిప్రసాద్ విడమరిచి చెప్పాడు. చుట్టరికం కొద్దీ ఎక్కించుకున్నాడంటే ఇన్సూరెన్సు కంపెనీ ఇవ్వాలి. బాడుగ అన్నావంటే పాలసీ షరతు తప్పారని తప్పుకుంటుంది.

“ఒంటి చేత్తో ఏం మోస్తావు ఎల్లప్పా? ఒక్క మాట. మా అల్లుడు వరసని చెప్పు, చాలు.”

ఎల్లప్ప తలూపాడు. మండీలో ఆయన వంతు అప్పటికే వేరేవాడికి పోయింది.

కోర్టు మెట్ల దగ్గర ధర్మేంద్ర ఎదురొచ్చాడు. “అట్లే చెప్పు మామా. ఇద్దరమూ బతుకుతాం.”

బోనెక్కాక కంపెనీ వకీలు మొదటే అడిగాడు. “ధర్మేంద్ర నీకేమవుతాడు?”

వెనక బెంచీలో ధర్మేంద్ర, చెప్పు చెప్పు అన్నట్టు తలాడిస్తున్నాడు. ఎల్లప్ప నోరు తెరిచాడు. ఆ వరస నాలుక మీదికి రాలేదు.

“ఏమీ కాడు.”

“మరి కారెట్లా ఎక్కినావు?”

“బాడుగిచ్చి. నా పెండ్లామే తన చేత్తో ఇచ్చింది. అల్లుడని చెప్పమన్నాడు, పిలిచింది. సచ్చేటప్పుడూ అట్లే పిలిచింది. వాడు పరిగెత్తినాడు.”

గిరిప్రసాద్ నుదురు కొట్టుకున్నాడు. వరండాలోకి వచ్చాక, “నీ కూట్లో నువ్వే మన్ను పోసుకున్నావు గదప్పా,” అన్నాడు. “ముందు కంపెనీ ఇచ్చి, తర్వాత కారు ఓనరు దగ్గర రాబట్టుకోమని జడ్జి అంటే అనొచ్చు. అనకపోతే నీకు దిక్కులేదు.”

ఆ మాట విని ధర్మేంద్ర ఉరికొచ్చి ఎల్లప్ప చొక్కా పట్టుకున్నాడు.

“ఇల్లమ్మినా చాలదు. నన్ను నిలువునా చంపినావు గదా! పెట్రోలు అంటుకుంటుందని భయపడి దిగినాను. నువ్వయితే దిగవా?”

ఎల్లప్ప ఎడమ చెయ్యి లేచింది. మొదటి దెబ్బకు ధర్మేంద్ర పెదవి చీలింది. రెండో దెబ్బకు వాడి తల స్తంభానికి కొట్టుకుంది. కింద పడినవాడి ఛాతీ మీద మోకాలు మోపి గొంతు పట్టుకున్నాడు. కుడిచెయ్యి లేదన్నది మరిచి, ఆ మొండితోనూ ముఖం మీద పొడిచాడు. వరండాలో ఉన్నవాళ్లు ఇద్దరు వెనక నుంచి లాగితే గాని వదల్లేదు.

“ఏందిది? ఎవరు కొట్టినారు?” అంటూ కానిస్టేబులు పరిగెత్తుకొచ్చాడు.

ధర్మేంద్ర లేచి కూర్చుని నెత్తురు ఉమ్మాడు. “ఎవురూ లేదు సార్. మెట్ల మీద జారి పడినాను. ఈయన మా మామ.”

ఊరుకోమన్నట్టు గిరిప్రసాద్ ఎల్లప్ప భుజం నొక్కాడు. ఎల్లప్ప ఆ చేతిని విదిలించుకున్నాడు.

“పడలా సార్. నేనే కొట్టినాను. రాసుకోండి.”