బోన్‌లో దిగొద్దు

దయ్యాలూ, గాలీ ధూళీ మా ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు. మా నాయన చిత్తూరు కోర్టులో గుమాస్తా. సాక్ష్యం లేని మాట ఆయన దగ్గర చెల్లదు. నేనూ ఆ తండ్రి బిడ్డనే. వీధిలో ఎవరికైనా పూనకం వచ్చిందంటే ముందు నవ్వేది నేనే. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు. నాకప్పుడు పదమూడేళ్లు. మా చిన్నాయన మునిరత్నం పుదుచ్చేరిలో ఒక ఫ్రెంచి దొర ఇంట్లో వంటకు చేరి, యుద్ధానికి ముందే ఆ దొర వెంట ఫ్రాన్సు వెళ్లిపోయాడు. యుద్ధమంతా ఉత్తరం ముక్క లేదు. పోయాడనే అనుకున్నాం, మా అవ్వ తప్ప. చివరికి ఉత్తరం వచ్చింది. దొరకు బోన్ అనే ఊళ్లో ద్రాక్షతోటలున్నాయి, అక్కడే ద్రాక్షసారాయి తీసే పనిలో ఉన్నాను, అమ్మను తీసుకుని అందరూ రండి, ఓడ చీట్లు దొర ఇప్పిస్తాడు అని రాశాడు.

ఇక నాయనను పట్టలేకపోయాం. చిన్నాయన పంపిన రైళ్ల టైంటేబుల్ ముందేసుకుని కూర్చునేవాడు. వచ్చే ఎండాకాలం ప్రయాణం. మార్సేల్‌లో ఓడ దిగాలి, లియోన్‌లో రైలు మారాలి, బోన్‌లో రెండు రోజులు ఆగాలి, ఆపైన పారిస్. తిరుపతికి తప్ప రైలెక్కని మనిషి, పారిస్‌లో ఏ స్టేషన్ మేలో అమ్మకు వివరించేవాడు. "ముందు కూరగాయలకు పోయి రాండి, పారిస్‌కు తర్వాత పోదురు" అనేది అమ్మ.

అవ్వకు పారిస్ అక్కర్లేదు. చచ్చేలోగా చిన్నకొడుకును ఒక్కసారి చూడాలన్నదే ఆమె ఆశ. "పదేండ్లకు బిడ్డను సూసేకి పోతే రెండు దినాలేనా రా?" అని ఒకటే పోరు. పైగా ఆ ఊరి పేరొకటి ఆమెకు పడలేదు. బోనంటే ఆమెకు తెలిసింది కోర్టులో ముద్దాయిని నిలబెట్టే బోనే. "నాయన అవ్వను బోనెక్కిస్తా ఉండాడు" అని నేను ఆట పట్టించేదాన్ని.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం. నాయన వసారాలో కూర్చుని రైళ్ల వేళలు శుభ్రంగా తిరగరాస్తున్నాడు. నేను చదివి చెబుతున్నాను. అవ్వ పక్కనే చింతపండు గింజలు తీస్తోంది. బోన్ అన్నానో లేదో, దిగ్గున లేచింది. ఏట్లోకి నడిచేవాళ్ల మాదిరి చీర మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుంది.

"దిగొద్దు రా! దిగొద్దు!"

నాయనకు చిర్రెత్తింది. "ఆడ దిగకుంటే ఇంగ యాడ దిగుతావమ్మా? నీ కొడుకు ఉండేదే ఆడ!"

ఆమె మా వైపు చూడలేదు. "తీపు వాసన... ఊపిరాడలేదు రా సామీ, దిగొద్దు" అంటూ గొంతు పట్టుకుని రొప్పింది. కూర్చోబెట్టి నీళ్లు తాగించాం. కాసేపటికి తేరుకుని మళ్లీ చింతపండు ముందేసుకుంది. ఇదంతా బోను భయమని నాయన తేల్చేశాడు. నేను నవ్వాను కూడా. ఏం జరిగినా అంచున వేళ రాసుకోవడం ఆయనకు కోర్టు అలవాటు. ఆ కాగితం మీదా రాశాడు: 'అమ్మ అభ్యంతరం, మధ్యాహ్నం మూడున్నర.'

మూడు వారాలకు దొర ఇంగ్లీషులో రాయించిన ఉత్తరం వచ్చింది. ద్రాక్షపళ్లు పులిసేటప్పుడు మనుషులు పెద్ద తొట్టిలోకి దిగి కాళ్లతో తొక్కుతారట. ఆ పులిసే రసంలోంచి లేచే ఆవిరికి ఒక్కోసారి ఊపిరాడదట. చిన్నాయన తొట్టిలోకి దిగాడు, మళ్లీ పైకి రాలేదు. తేదీ, అవ్వ అరిచిన రోజుదే. వేళ పొద్దున పదకొండు.

నాయన ఆ వేళను పట్టుకుని వేలాడాడు. "సూడు, పదకొండంట. మాయమ్మ అనింది మూడున్నరకు గదా" అన్నాడు అమ్మతో. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. బళ్లో నేర్చిన భూగోళం పాఠం ఒప్పజెప్పాను. వాళ్ల గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. నాయన ముఖం చూడలేకపోయాను.

దీన్ని కొట్టిపారేయాలని ఎన్ని విధాల చూశానో. ముసలామె భయమన్నాను, కాకతాళీయమన్నాను. కానీ తొట్టిలో దిగి తొక్కుతారన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, చిన్నాయన ఏ ఉత్తరంలోనూ రాయలేదు. నా వాదం అక్కడ ఆగిపోతుంది. ఈనాటికీ ముందుకు పోలేదు. పోనీ, ఆమె అన్నది రైలు మాట కాదని ఆ రోజే అర్థమైనా, చిత్తూరు వసారాలో కూర్చుని మేం చేయగలిగిందేముంది?

అవ్వ వారం రోజులు ఏడ్చింది. ఎనిమిదో రోజు నాయనను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"దిగొద్దు అనేదాన్ని ఆ బాసలో ఏమంటారు రా? నేను అట్ల అరిసింటే, వాడి పక్కనుండేవాళ్లన్నా ఇనేవాళ్లు గదా."

నాయన లేచి ఆ రైళ్ల టైంటేబుల్ తెచ్చి అటూ ఇటూ తిరగేశాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు.